'యెస్ సర్' డ్రిల్ మీద జరిగిన విచారణ

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి జూన్‌లో నన్ను ఉట్నూర్ వైపు నుంచి జైనూర్ మండలంలోని ఒక గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలకు ఇంగ్లీషు స్కూల్ అసిస్టెంట్‌గా బదిలీ చేశారు. మా సొంతూరు బెల్లంపల్లికి దగ్గరగా ఒక ఖాళీ ఉండేది. కౌన్సెలింగ్‌లో అది నాకంటే జూనియర్‌కు దక్కింది. దాని మీద నేను ఇచ్చిన అర్జీకి ఇప్పటికీ జవాబు రాలేదు.

నాకు ఎనిమిదో తరగతి ఇచ్చారు. ఆ బాలికలు ఇంట్లో గోండి, అంగట్లో మరాఠీ, బడిలో తెలుగు మాట్లాడేవారు. ఇంగ్లీషు వారికి నాలుగో భాష. అడిగితే తల వంచుకొని నిలబడేవారు తప్ప నోరు విప్పేవారు కాదు. అందుకని సబ్‌స్టిట్యూషన్ డ్రిల్ మొదలుపెట్టాను. టీచర్ ఒక వాక్యం ఇచ్చి అందులో ఒక్కో మాట మారుస్తూ పోతే, తరగతి ప్రతిసారీ పూర్తి వాక్యాన్ని కలిసి పలకాలి. దీనికి నా సొంత నియమం ఒకటి చేర్చాను. నేను ఏ ప్రశ్న వేసినా జవాబు 'యెస్'తో మొదలై పూర్తి వాక్యంగా రావాలి. చిన్నప్పుడు మా చర్చిలో, ఆదివారపు బడిలో, ప్రశ్నోత్తరాలను మాచేత ఇలాగే గుంపుగా చెప్పించేవారు. ఏం చెప్పాలో ముందే తెలిస్తే పిల్లలకు భయం ఉండదు. 'నో' అనే జవాబులో వాక్యం తీరే మారిపోతుంది, పిల్లలు తడబడతారు. కాబట్టి దాన్ని దసరా సెలవుల తర్వాతకు వాయిదా వేశాను.

పద్ధతి పనిచేసింది. ఆగస్టు నాటికి ఆ గదిలోంచి వచ్చే ఇంగ్లీషు రోడ్డు దాకా వినిపించేది.

ఆ నెల స్కూల్ కాంప్లెక్స్ సమావేశం మా బడిలో జరిగింది. చుట్టుపక్కల బడుల టీచర్లు నెలకోసారి ఒకచోట చేరతారు. ఒకరు మాదిరి పాఠం చెబితే మిగతావారు వెనక కూర్చొని గమనిస్తారు. ఆ రోజు పాఠం నాది. కరీంనగర్ నుంచి ఒక రిసోర్స్ పర్సన్, అంటే శిక్షణ పొంది వచ్చి ఇతర టీచర్లకు సూచనలు చేసే టీచర్, వచ్చాడు. ఆయనా స్కూల్ అసిస్టెంటే, సర్వీసులో నాకంటే చిన్న. పాఠం సగంలో ఉండగానే ఆయన నవ్వాడు. అయిపోయాక, పిల్లలు ఇంకా గదిలో ఉండగానే, "మంచిగనే పెంచిండ్రు మేడం చిలుకలను. గింజలు కూడ ఏస్తున్నరా?" అన్నాడు. వెనక కూర్చున్నవాళ్లంతా నవ్వారు. తర్వాత చాయ్ తెచ్చిన ఆయా ఆయనకు రెండోసారి కూడా పోసింది. నా దాకా రానేలేదు.

నేను ఫిర్యాదు రాశాను. మా హెడ్‌మిస్ట్రెస్ వద్దన్నది. "గీ చిన్న ముచ్చటకు పిటిషన్ ఎందుకమ్మా? ఇడిసిపెట్టు జర. నవ్వినోడు నవ్విండు, పోయిండు," అన్నది. నేను వినలేదు. ఆయన మాటలకు బాలికలు మనసు నొచ్చుకున్నారని, వారు ఇంగ్లీషులో ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పగలరని, కావాలంటే వారినే విచారించుకోవచ్చని రాసి పై ఆఫీసుకు పంపాను.

వేరే బడిలోని ఒక గెజిటెడ్ హెడ్‌మాస్టర్‌ను విచారణాధికారిగా వేశారు. ఆయన సెప్టెంబరులో వచ్చారు. ఫిర్యాదు చేసినవారూ, ఫిర్యాదు ఎవరి మీదో వారూ ఎదురుగా ఉండాలి కాబట్టి రిసోర్స్ పర్సన్ కూడా వచ్చాడు. వెంట వచ్చిన క్లర్కు ప్రశ్న, జవాబు రెండూ రాసుకోవడానికి కూర్చున్నాడు. అధికారి నా ఫిర్యాదును మరోసారి చదివి, "ఏ ప్రశ్నకైనా చెప్తరని మీరే రాసిండ్రు గద మేడం, ఇంగ్లీషులనే అడుగుత," అన్నారు.

"డిడ్ ది సర్ లాఫ్ ఎట్ యు?"

తరగతి మొత్తం ఒక్క గొంతుతో, "యెస్ సర్, హి లాఫ్డ్ ఎట్ అస్," అన్నది. నేను రిసోర్స్ పర్సన్ వైపు చూశాను.

ఇలా చెప్పమని మీ మేడం చెప్పిందా అన్నది అధికారి రెండో ప్రశ్న. "యెస్ సర్, షి టోల్డ్ అస్," అన్నారు. మేడం మిమ్మల్ని కొడుతుందా అన్నది మూడోది. "యెస్ సర్, షి బీట్స్ అస్."

క్లర్కు అదీ రాశాడు. పిల్లలను కొట్టినట్టు విచారణలో తేలితే సస్పెన్షన్ దాకా పోతుంది. ఆ తరగతిలో నేను ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు. ఆ మాట చెప్పబోతే అధికారి చెయ్యెత్తి ఆపారు. పిల్లల ముఖాలను కాసేపు చూసి మరో ప్రశ్న వేశారు.

"ఈజ్ యువర్ మేడం ఎ టైగర్?"

"యెస్ సర్, షి ఈజ్ ఎ టైగర్."

హెడ్‌మిస్ట్రెస్ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. అప్పుడు మూడో బెంచీలోంచి జంగుబాయి అనే అమ్మాయి లేచి నిలబడింది. తెలుగులోనే మాట్లాడింది.

"జర ఆగుండ్రి సార్. మేడం మమ్ముల ఎన్నడు కొట్టలే. మాకు ఇంగ్లీషుల అవుననుడే చెప్పిండ్రు. కాదనుడు ఇంక చెప్పలే."

"ఎప్పుడు చెప్తరట?"

"దసరా అయినంక అన్నరు సార్."

అధికారి క్లర్కుతో ఆ కాగితం పక్కన పెట్టించి, మిగతా ప్రశ్నలన్నీ తెలుగులో అడిగారు. నా ఉద్యోగానికి ఏమీ కాలేదు. రిసోర్స్ పర్సన్ ఈసారి నవ్వలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆగస్టులో ఆయన నవ్వినప్పటి కంటే అప్పుడే నాకు ఎక్కువగా తల కొట్టేసినట్టయింది. ఆయన అన్న మాట నిజమని నా తరగతి చేత, నా ఫిర్యాదు మీదే, నేనే రుజువు చేయించాను. చర్య అవసరం లేదని రాసి విచారణ ముగించారు.

దసరా దాకా ఆగలేదు. మరునాడే 'నో' పాఠం మొదలుపెట్టాను. రెండు వారాల అభ్యాసం తర్వాత, ఆ సారు మాటలకు మీకు బాధ కలిగిందా అని ఇంగ్లీషులో అడిగాను. 'యెస్' వస్తుందనే అనుకున్నాను.

"నో మేడం," అన్నది జంగుబాయి. మిగతా వాక్యం ఇంగ్లీషులో కుదరక తెలుగులోకి వచ్చింది. "ఆ సార్ మమ్ముల జూసి నవ్వలే. మిమ్ముల జూసి నవ్విండు. మీరే పరేషాన్ అయిండ్రు." తరగతిలో ఎవరూ ఆమె మాటను కాదనలేదు. నేను బోర్డు తుడిచి తర్వాతి వాక్యం రాశాను.

పిల్లల ముందు ఆయన ఆ చిలుకల మాట అనడం తప్పని నేను ఇప్పటికీ అంటాను. ఆ ఫిర్యాదును వెనక్కి తీసుకోలేదు. ఆ తర్వాత కూడా, రిటైరయ్యే దాకా, చాలా ఫిర్యాదులు రాశాను. వాటిలో దేనిలోనూ పిల్లల తరఫున మాట్లాడలేదు. ప్రతి కొత్త తరగతికీ మొదటి వారంలోనే కాదని చెప్పడం నేర్పాను. కాదనడం రాని తరగతి చెప్పిన అవునును సాక్ష్యంగా తీసుకోకూడదు. అది ఆఫీసరుకే కాదు, టీచరుకూ వర్తిస్తుంది.