బాలింత డేరాకు పొయ్యి

డేరాలో చలి కాచుకున్నామని చెబితే మద్రాసు కాలేజీలో నాతో చదివిన కోస్తా పిల్లలు నవ్వేవారు. మీ కర్నూల్లో రాళ్లు కూడా ఎండకు పగులుతాయట, అక్కడ చలేమిటి అని. రాళ్లు పగిలే మాట నిజమే. పుష్యమాసంలో హంద్రీ అవతల, చెట్టూ పుట్టా లేని చేనులో, గుడ్డ గోడల మధ్య పడుకుని చూస్తే చలి మాట కూడా నిజమని తెలుస్తుంది. వాళ్లలో ఒక్కరూ వచ్చి పడుకోలేదు గనుక ఆ నవ్వును నేను లెక్కచేయలేదు.

ఆ ఏడు మా పేటలో ఎలుకలు చచ్చిపడ్డాయి. ప్లేగు వచ్చిందంటే ఊరు ఖాళీ చేసి చేలల్లో గుడిసెలు వేసుకోవడం మాకు కొత్త కాదు. నాయన వకీలు గనుక ఎవరినో పట్టుకుని పాత డేరా ఒకటి సంపాదించారు. బోదగడ్డి కప్పిన గుడిసెల నడుమ అది తెల్లగా, గొప్పగా కనిపించేది. ఆ గొప్పంతా పగటిపూటే. పొద్దు గుంకితే గుడ్డ నీళ్లలో ముంచినట్టు చల్లబడేది. అందులోకి చేరిన కొద్ది రోజులకే మా చెల్లెలు ప్రసవించింది. నెలలు నిండని ఆడపిల్ల. ఎన్ని పాత చీరలు చుట్టినా కాళ్లు చల్లగానే ఉండేవి. వెచ్చగా ఉంచుకుంటేనే బిడ్డ మీకు దక్కుతుందని మంత్రసాని చెప్పిపోయింది.

వెచ్చగా ఎలా ఉంచాలన్న దగ్గర నాకూ మా అత్తకూ పేచీ వచ్చింది. అత్త అంటే నాయనకు అక్క. చిన్న వయసులోనే భర్త పోయి మా ఇంటికి వచ్చేసింది. మా అమ్మ పోయాక మమ్మల్ని పెంచింది. బాలింత మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టి, గాలి చొరకుండా అంతా మూసెయ్యడం ఆమె ఎరిగిన పద్ధతి. డేరా అంచుల మీద మట్టి కూడా పోయించింది. తెల్లవారేసరికి చెల్లెలికి వాంతులు, నాకు తల పగిలిపోయే నొప్పి. బాలింతకు అట్లాగే ఉంటుందిలే అంది అత్త. మరి నేను బాలింతను కానే అన్నాను.

గొట్టం ఉన్న కట్టెల పొయ్యి కావాలి, వేడి లోపల ఉండి తక్కినదంతా బయటికి పోవాలి అని నాయనతో చెప్పాను. కోర్టులో గొంతు పోయేలా వాదించే ఆయన, ఇంట్లో అక్కకూ కూతురికీ మధ్య నోరు మెదిపేవారు కాదు. తెచ్చి చూపించమని తప్పుకున్నారు.

పాత ఇనుము అమ్మే సాయిబు కూడా మాలాగే సరుకుతో సహా చేలోకి వచ్చేశాడు. దొరలు వదిలిపోయిన పొయ్యిలు రెండున్నాయి అతని దగ్గర. ఒకటి పోత ఇనుముది, ఒంటినిండా పూలు. నలుగురు మోయాలి. అదే తీసుకోమని బతిమాలాడు. అది ఒకసారి కాగిందంటే చల్లార్చడం మన చేతిలో ఉండదు, మా డేరాలో పెడితే పసిబిడ్డను పెనం పక్కన పడుకోబెట్టినట్టే అన్నాను. రెండోది రేకుది, మోకాలెత్తు. తలుపు వంకర లేకుండా మూసుకుంటుందా, గాలి తగ్గించే బిళ్ల తిరుగుతుందా అని చూశాను. గొట్టాన్ని వెలుతురుకేసి పట్టి అతుకుల్లో చిల్లులు వెతికాను.

"పెండ్లికొడుకును గూడ ఇంతగా సూడరమ్మా" అన్నాడు సాయిబు.

చూసి ఉంటే ఊళ్లో సగం కాపురాలు బాగుపడి ఉండేవన్నాను. నిప్పురవ్వలు గుడ్డ మీద రాలకుండా డేరా నెత్తికన్నా ఎత్తుకు పోయేటట్టు ఇంకో గొట్టం ముక్కా, గుడ్డలో గొట్టం దూరే చోటికి పళ్లెమంత రేకూ అడిగి తీసుకున్నాను.

పొయ్యి వచ్చేసరికి అత్త డేరా వాకిట్లో అడ్డంగా కూర్చుంది. బాలింత ఒంటికి పొగ పట్టాలట, ఇందులో పొగా వేడీ అంతా పైకే పోతుందట.

"ఆకాశానికి సలి పెడ్తాండాదని నీకేమన్నా సెప్పిందేమ్మే?"

నేను ఊరుకునేదాన్ని కాదు. చదువుకున్నదంతా అక్కడే ఒప్పజెప్పాను. బొగ్గుల ఆవిరికి రంగు లేదు, వాసన లేదు. మూసిన చోట అది నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పసిబిడ్డ ఏడవనైనా ఏడవదు. పొద్దున చూస్తే బుగ్గలు ఎర్రగా, నిద్రపోతున్నట్టే ఉంటుంది.

అత్త తల తిప్పి డేరా లోపలున్న కుంపటి వైపు చూసింది.

"నా బిడ్డకు గూడ బుగ్గలు ఎర్రగానే ఉండె" అంది.

ఆమెకొక బిడ్డ పుట్టి పోయిందని మాకు తెలుసు. వెనకటి ప్లేగులో, చేలో వేసుకున్న గుడిసెలో, చలికి పోయిందని అందరూ చెప్పేవారు. ఎలా పోయిందో ఆమె నోట ఎన్నడూ వినలేదు.

"కుంపటి నేనే పెట్టినా. సాలదేమోనని ఇంగా రోన్ని బొగ్గులు ఏసినా." నా ముఖంలోకి చూసింది. "సలికి గాదామ్మే?"

నాయన తల వంచుకున్నారు. లోపలి నుంచి చెల్లెలు కూడా వింటోంది.

"మీది బోద గుడిసె కదత్తా. బోదకు నూరు సందులుంటాయి, ఆవిరి నిలవదు. గుడ్డ కాబట్టి ఈడ నిలుస్తాది. నీ బిడ్డ చలికే పోయింది" అన్నాను.

బాలింత ఉన్న గుడిసెకు సందులు లేకుండా మట్టి మెత్తుతారని నాకు తెలుసు. మెత్తిన చేతులు ఆమెవే అయి ఉంటాయి. అయినా అత్త లేచి పక్కకు జరిగి, పొయ్యిని లోపలికి తీసుకుపోనిచ్చింది.

తుమ్మకట్టెలు బాగా మండాయి. సాయంత్రానికల్లా బిడ్డ కాళ్లు వెచ్చబడ్డాయి. కొన్నాళ్లకు ఒళ్లు చేసింది, నిద్రలో బుగ్గలు ఎర్రబారడం కూడా మొదలైంది. మేమంతా ముచ్చటపడి చూస్తుంటే అత్త వచ్చి అరికాలు గిల్లేది. అది కళ్లు తెరిచి గట్టిగా ఏడ్చేదాకా వదిలేది కాదు. హాయిగా నిద్రపోయే బిడ్డను ఎందుకు ఏడిపిస్తావని చెల్లెలు ఒకనాడు ఆమె మీద విసుక్కుంది. నేను చెల్లెల్నే కసిరాను.