దొర వేలికి తగలని దెబ్బ

మొదటి ప్రపంచ యుద్ధానికి రెండేళ్ల ముందు, చెరకు కోతలు ముగిసిన నెలలో, నన్ను మా దీవి రాజధాని పోర్ట్ లూయిస్‌లోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో మూడో గుమాస్తాగా వేశారు. నియామకపు ఉత్తర్వులో లేని పని ఒకటి మొదటి శనివారమే నా నెత్తిన పడింది. మా పై అధికారి ఇంగ్లండులో విశ్వవిద్యాలయం తరఫున క్రికెట్ ఆడిన దొర. ఆయన క్లబ్బుకు స్కోరరుగా కూర్చోవాలి, ఆట ముగిశాక ఆయన పరుగులను ఆయన సొంత పుస్తకంలోకి ఎక్కించాలి. చిన్నప్పుడు బడిలో ఆడిన మొదటి ఆట నుంచి అన్నీ అందులో ఉన్నాయి. దాన్ని బైబిలు కంటే శ్రద్ధగా చూసుకునేవాడు.

మా మేనమామ కొడుకు అప్పన్న కాంప్ ద మాస్క్ చెరకు తోట నుంచి వచ్చి ఆ మైదానంలో రోజుకూలీగా రోలరు లాగేవాడు. సాయంత్రాలు దొర సాధనకు బంతులు వేసేవాడు. బ్యాటు మాత్రం అతని చేతికి ఎవరూ ఇవ్వలేదు. ఒకసారి దొర అందరి ముందూ నవ్వుతూ అతనితో, అసలైన ఆటలో నన్ను బౌల్డ్ చేస్తే నిన్ను మైదానం కాపరిగా ఖాయం చేస్తానన్నాడు. కాపరికి పక్కనే ఇల్లు ఇస్తారు. తోట కొట్టాల్లో ఉన్న పెళ్లాం పిల్లల్ని అక్కడికి తెచ్చుకోవచ్చని అప్పన్న ఆశ.

సైనికుల జట్టుతో ఆడిన రోజు వాళ్లకు ఒక మనిషి తక్కువై అప్పన్నను అడిగి తీసుకున్నారు. అతని మూడో బంతి లోపలికి తిరిగి దొర మధ్య వికెట్టును పడగొట్టింది. బౌల్డ్ అయితే అంపైరు వేలెత్తే పని లేదు, ఆడుతున్నవాడు తనంతట తానే వెళ్లిపోతాడు. దొర కూడా వెళ్లాడు, కాకపోతే వేలు పట్టుకుని. నా బల్ల దగ్గర ఆగి, బంతి వేయకముందే వేలు బెణికి చెయ్యెత్తాను, గాయపడి తప్పుకున్నానని రాసుకో అన్నాడు. అలా రాస్తే అవుట్ కానట్టే లెక్క. అంపైర్లిద్దరూ మా కార్యాలయం వాళ్లే. గడ్డి వంక చూస్తూ నిలబడ్డారు.

నేను రాశాను! ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ప్రతి జట్టుకూ ఒక స్కోరరు ఉంటాడు. చివర్లో రెండు పుస్తకాలూ సరిపోలితేనే సంతకాలు. నా పక్కనున్న సైనికుల సార్జంటు బౌల్డ్ అనే రాసుకున్నాడు. దొర చెయ్యెత్తడం నువ్వు చూశావా అని నన్ను అడిగాడు. చూశానన్నాను. నా మాట మీద తను రాసింది కొట్టేశాడు. ఆ తెల్లవాడు నిజం రాస్తే దాన్ని కొట్టేయించింది తెలుగువాణ్ణైన నేను!

అప్పన్న బల్ల దగ్గరికి వచ్చి, తన క్రియోల్ కలిసిన తెలుగులో అడిగాడు. “బావా, వికెట్ పడింది. తు దిమున్ చూసింది, అందరు చూసింది. నువ్ గూడా చూసింది. కీ ఫేర్ బావా, ఎందుకు రాయలేదు?”

పుస్తకంలో లేదు, నేనేం చెయ్యను అన్నాను. సిగ్గులేని నోరు!

మరుసటి వారం అతను మళ్లీ చెరకు తోటకు వెళ్లిపోయాడు. ఆ ఆటను దొర సొంత పుస్తకంలోకి నాటౌట్‌గా ఎక్కించిందీ నేనే.

చాలా ఏళ్లు దొరను తిట్టుకుంటూ గడిపాను. అది తేలిక. ఆయన నన్ను బెదిరించలేదు, ఉద్యోగం తీసేస్తానని కూడా అనలేదు. ఒక్క మాట చెప్పాడు, నేను రాసేశాను. తర్వాత హెడ్ గుమాస్తానయ్యాక నా కింది వాళ్లకు ఒక నియమం పెట్టాను: మీరు కంటితో చూడనిది పై అధికారి రాయమంటే, ఎవరు రాయమన్నారో పక్కనే రాయాలి. ఆ రోజు నేనలా రాయలేదు. అబద్ధం దొరదే అయినా, దాని కింద ఉన్న సంతకం నాది.