పూలజడ వారసుడు

షికాగోలో ఒక మ్యూజియం వాళ్ళు ఆడపిల్లను పట్టుకుని మగపిల్లాడని గోడకెక్కించారు. ఆ అన్యాయాన్ని సరిదిద్దబోయి నేనెంత ఘనంగా బోర్లాపడ్డానో వినండి.

అప్పటికి నాకు అరవై రెండేళ్ళు, అంటే ఇంకా ఉడుకురక్తం. షికాగో పక్కనే ఉన్న మా నేపర్‌విల్ ఊరి లైబ్రరీలో బొమ్మల పుస్తకాలన్నీ సొంతంగా నమిలేసి, మా వాకింగ్ మిత్రులకు నన్ను నేనే గైడ్‌గా నియమించుకున్నాను. ఒక శనివారం అందర్నీ రైలెక్కించి తీసుకెళ్ళి, నాలుగు వందల ఏళ్ళ నాటి ఇటలీ జమీందారు కుటుంబం బొమ్మ ముందు నిలబెట్టాను. దొర, దొరసాని, వాళ్ళ మధ్య జరీ గౌను, ముత్యాల దండ వేసుకుని కుక్కపిల్లను హత్తుకున్న బూరెబుగ్గల చిన్నది. మీరైనా ఏమనుకుంటారు? పక్కన చీటీ మీద మాత్రం "వారసుడు, మూడేళ్ళు" అని ఉంది.

"తప్పు," అన్నాను.

"మ్యూజియం వాళ్ళకి తెలీదంటారా మాస్టారూ?" అన్నాడు రంగారావు. మా గుంపులో నా పదవి మీద కన్నున్నది ఆయనకే.

"గౌను కనబడటం లేదూ? ఇది మగపిల్లాడే అయితే, ఆ పెయింటరెవడో జన్మలో పిల్లల్ని ఎత్తుకుని ఉండడు."

"తప్పు మీదైతే?"

"వచ్చే ట్రిప్ నుంచి గైడ్ మీరే."

ఇంటికొచ్చి మ్యూజియానికి, ఆ పెయింటర్‌ని కూడా కలిపి దులిపేస్తూ, నాలుగు పేజీల ఉత్తరం దంచాను. ఆడపిల్లెవరో మగపిల్లాడెవరో ఎలా తెలుస్తుందో మా ఇంటి ఫోటోలో చూసి నేర్చుకోండని రాసి, చిన్నప్పుడు అక్కా నేనూ దిగిన ఫోటో జతచేయమని మా ఆవిడ కామేశ్వరికి చెప్పాను.

"ఇంకోసారి ఆలోచించుకోండి," అంది.

"ఆలోచించాల్సింది వాళ్ళు. నువ్వు ఫోటో పెట్టు."

"ఏదో ఒకటి పెడతాలెండి."

పెట్టింది వేరొకటి. నా పుట్టువెంట్రుకలు తీయించే ముందు, అంత జుట్టూ వృథా పోకూడదని మా అమ్మ నాకు పట్టుపరికిణీ కట్టి, పూలజడ వేసి, స్టూడియోలో తీయించిన ఫోటో. వెనకాల ఇంగ్లీషులో "మా ఆయన, మూడేళ్ళప్పుడు" అని కూడా రాసిందట. జవాబు వచ్చేదాకా నాకీ సంగతి తెలియనే తెలియదు.

ఇప్పుడు మా గైడ్ రంగారావు. ఆయన వెనకే బుద్ధిగా నడుస్తూ, గోడ మీది చీటీని ఈ జన్మలో శంకించనని ఆ పూలజడ మీదే ఒట్టేసుకున్నాను. ఆరు వారాలకు వచ్చిన జవాబు ఇదీ:

"అయ్యా, ఆ రోజుల్లో అక్కడ చిన్న మగపిల్లలకూ గౌన్లే తొడిగేవారు. బొమ్మ వేసింది ఒక స్త్రీ, ఇంటినిండా పిల్లలున్న తల్లి. కాబట్టి చీటీ మార్చడం లేదు. మీరు పంపిన పాప ఫోటో మా ఆఫీసులో అందరికీ నచ్చింది. దాని వెనక మీ ఆవిడ 'మా ఆయన' అని రాశారు. దాన్ని సరిచేయమంటారా?"