సంచి ఉన్న పక్కన కూర్చున్న డాక్టరు

మా డాక్టరు పోయారు. మంచాల ఊరి స్టాండులో బస్సెక్కుతుంటే తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. ఏడుస్తూ చెప్పాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. చావును కాదు, వాడి ఏడుపును.

అప్పట్లో నా పెద్దపేగు నిండా బొడిపెలు. మొత్తం తీసేసి, చిన్నపేగు కొసను మడిచి తిత్తిలా కుట్టి, కింద మలద్వారానికి అతికించాలి. ఆ అతుకు మిషన్ పిన్నులతోనా, చేతి కుట్టుతోనా? ఒక కుర్ర సర్జను నా ముందే, "ఈ రోజుల్లో చేత్తో కుట్టేది దర్జీలే సార్" అని, చేత్తో కుడతానన్న మా డాక్టరును వెక్కిరించాడు. నేనూ పుస్తకాలు తిరగేసి మిషనే మేలని వాదించాను.

"పెద్దమనిషీ, మస్తు చదివినవ్," అన్నారు డాక్టరు. "మిషన్‌తోని జల్ది అయితది, దొడ్డి మీద అదుపు గూడ జర మంచిగుంటది. కానీ కింద ఇంత పాత పేగు పొర మిగులుతది. నీ బొడిపెలు ఆ పొర దాక ఉన్నయ్. చేత్తో కుడితే పొర ఒలిచేయొచ్చు, రాత్రిపూట జర కారొచ్చు. నీకు దేనికి భయం? గుడ్డ తడుసుడుకా, జబ్బు తిరిగొచ్చుడుకా?"

జబ్బుకే అన్నాను.

"ఇంకొకలకైతే నేనే మిషన్ పెడ్త," అన్నారు. దర్జీ అన్నవాడికి ఆయన ఇచ్చిన జవాబు అంతే. నేనైతే అంత మర్యాదగా వదలను.

అతుకు మానేదాకా పేగును పొట్ట మీదికి తెచ్చి సంచి తగిలించారు. పేగు కదిలిందనే గుర్తుగా అది గాలితో ఉబ్బేదాకా ఆయన చాయ్ ముట్టలేదు. ఉబ్బిన పొద్దున, "అవ్, ఇగ తాగొచ్చు!" అని వార్డంతా వినేలా నవ్వారు.

ఆ సంచితోనే తమ్ముడి కూతురి పెళ్లికి పోయాను.

"అన్నా, ఏమనుకోకు. వాసనొస్తదని ఆడోళ్లు అంటున్నరు. నువ్ సామాన్ల అర్రల కూసోని తిను," అన్నాడు తమ్ముడు. పేరు ఆడోళ్లది, మాట వాడిది.

పెళ్లికి వచ్చిన డాక్టరు నేనెక్కడని అడిగి, పళ్లెంతో అర్రలోకే వచ్చేశారు. తమ్ముడు వెనకాలే ఉరికొచ్చాడు. "సార్, మీరీడ తినుడేంది?"

"సంచి పెట్టింది నేను. వాసనొస్తే నాదే. నువ్ బోయి చుట్టాలను చూసుకో."

ఆ సంచి తీసేసి ఏళ్లయింది. అతుకు గట్టిగానే ఉంది. ఇప్పుడు ఇబ్రహీంపట్నంలో సంతాప సభట. ఫ్లెక్సీ మీద డాక్టరు బొమ్మ కంటే తమ్ముడి బొమ్మ పెద్దది. నన్నూ మాట్లాడమన్నాడు. అర్ర సంగతి చెప్తానంటే ఫోన్ పెట్టేశాడు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆ అర్రలో రెండో కుర్చీ లేదు. ఆయన బియ్యం బస్తా మీద, నా సంచి ఉన్న పక్కనే, మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చున్నారు. మటన్ బొక్క చప్పరిస్తూ, తొందరేమీ లేకుండా.