గుమ్మం పట్టని బల్ల

చిత్రిక పడుతుంటే పాత టేకు వాసన ఇల్లంతా పరుచుకుంది. సూర్యాపేటలో మా ఇంటి వెనక గదిలో, పాత బీరువా తలుపులతో నాకొక పనిబల్ల చేస్తున్న వడ్రంగి టేపు పట్టుకుని ఆగిపోయాడు. “అమ్మా, గీ బల్ల ఈ దర్వాజల నుంచి ఎల్లదు. రేపు బయటికి ఎట్ల తీస్తరు?” అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. పాపం, తెల్లబోయాడు. ఆయనకేం తెలుసు మా రత్నమ్మక్క సంగతి!

రత్నమ్మక్క మా పెద్ద బావగారి భార్య, నా తోడికోడలు. సాగర్ కాలువ నీళ్ళు పారడం మొదలైన రోజుల్లో నేను కోదాడ నుంచి మిర్యాలగూడలోని ఆ ధాన్యం వ్యాపారుల ఇంటికి కోడలిగా వెళ్ళాను. ఎక్కడ చూసినా వడ్ల బస్తాలే. మనుషులే వాటికి తప్పుకుని నడవాలి. అక్క చేతిలో సూది పడితే చిరుగుగుడ్డ కూడా పూలు పూసేది. కానీ ఆ పనికి వంటింటి మూల తప్ప చోటు లేదు. అన్నాలవేళకు అన్నీ మడిచి ఎత్తాలి, మళ్ళీ పరుచుకోవాలి. “పరుసుడు, మడుసుడు! నా బతుకు గిట్లనే ఖతమైతదా చెల్లె?” అని ఒకరోజు కత్తెర విసిరికొట్టింది. ఆ కోపానికి భయం వేసింది, ఆవిడ మీద ముద్దూ వచ్చింది.

పెరటివైపు గదిలో విరిగిన సామాన్లు పడి ఉండేవి: మామగారి తల్లి నాటి పందిరిమంచం, దుకాణంలోని పాత గల్లాపెట్టె, కాళ్ళు ఊగే బెంచీ. “నేను సదురుకుంటా మామా” అని అక్క అడిగితే, “సదురుకో బిడ్డా. పంట వచ్చినాక మాత్రం బస్తాలకు గావాలె” అన్నారు మామగారు. అక్క తలూపింది. మర్నాడే వడ్రంగిని పిలిపించి ఆ గదిలోనే పని పెట్టించింది. మంచం పలకలూ బెంచీ చెక్కలూ కలిసి పెద్ద బల్ల అయ్యాయి. గల్లాపెట్టె అరల్లోకి గుండీలూ దారపుండలూ చేరాయి. పందిరి కర్రలు గుడ్డలు వేలాడేసే దండేలయ్యాయి. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు రవికెలు, దిండు గలేబులు పట్టుకొచ్చి బల్ల చుట్టూ చేరారు. నాకే ఒక అనుమానం. “అక్కా, ఇంత బల్ల గుమ్మంలోంచి ఎలా వస్తుంది? వడ్రంగి కొలత తప్పాడేమో!” అన్నాను. “జర నోరు మూసుకుంటవా?” అని తొడపాశం పెట్టింది.

పంట రానే వచ్చింది. మామగారు హమాలీలను వెంటబెట్టుకొచ్చి గది ఖాళీ చేయమన్నారు. వాళ్ళు బల్లను నిలువుగా ఎత్తారు, అడ్డంగా తిప్పారు, వాలుగా వంచారు. ఊహూ! “సేటూ, ఇది ఎల్లదు” అన్నారు చెమటలు తుడుచుకుంటూ.

“అయితే విప్పుండ్రి.”

“విప్పరాదు మామా. సరేసు జిగురు పెట్టి సీలలు కొట్టించిన” అంది అక్క.

మామగారికి చిర్రెత్తింది. “రంపం తేండ్రి, కోసేద్దాం!” అన్నారు. ఆ గది పోతే అక్క మళ్ళీ వంటింటి మూలకే. ఆవిడ మాత్రం బల్ల మీది గుడ్డలు తీసి నెమ్మదిగా అంది: “కోయుండ్రి మామా. మీరు పుట్టిన మంచమిది. వడ్రంగిని ఒక్క పలక గూడ కోయనియ్యలె నేను. రంపం మీరే పట్టుండ్రి.”

మామగారు పలక అంచున చెక్కిన చిలకను వేలితో తడిమారు. తర్వాత మీసాల్లో నవ్వారు. “గుమ్మం కొలిచే చేయించినవు గదా బిడ్డా!”

“కొలవకుంటే ఎట్ల మామా?”

నేను నోరు వెళ్ళబెట్టాను. బస్తాలు ఆయన కూర్చునే ముందుగదిలోకే పోయాయి. ఆ పంటకాలమంతా వాటి మధ్య ఇరుక్కుని కూర్చుంటూనే, వచ్చినవాళ్ళందరినీ “మా కోడలి కార్ఖానా సూద్దురు రాండ్రి” అని వెనక్కి తీసుకొచ్చేవారు. అక్క తలెత్తకుండా కుట్టుకుంటూ ఉండేది. ఆవిడ కళ్ళలోని గెలుపు చూసి నేను పొంగిపోయేదాన్ని.

అక్క ఇప్పుడు లేదు. ఆవిడ నేర్పిన కుట్లలో కొన్ని మరిచిపోయాను. ఆ బల్ల మరవలేదు. మా అబ్బాయి ఈ వెనక గది మీద కన్నేశాడని నాకు తెలుసు. వడ్రంగి ఇంకా నా మొహమే చూస్తున్నాడు.

“బయటికి తీయరాదనే చేయిస్తున్నానయ్యా. ఇంకో జానెడు పెంచు” అన్నాను.