ఎనిమిది కిలోల మిషను

బోగోలులో ఖాదర్ బాషా చేతికి ఒక పేరుంది. పొట్లం ఏదైనా ఆ చేతిలో పెడితే చాలు, బరువెంతో చెప్పేస్తాడు. తేడా వస్తే ఏ యాభై గ్రాములో వస్తుంది, అంతకు మించదు. ముప్పై ఎనిమిదేళ్లు దూది ఏకి పరుపులు కుట్టిన చెయ్యి అది. ఊళ్లోకి ఫోము పరుపులు వచ్చి పడ్డాక ఆ చేతికి పని తగ్గిందే గాని పొగరు తగ్గలేదు. కూరగాయల బండి దగ్గర కిలో వంకాయలు సంచిలో పడగానే, సంచి ఒకసారి పైకెత్తి, ఇంకో కాయ వెయ్యమంటాడు. బండివాడు గొణుక్కుంటూనే వేస్తాడు. మళ్లీ కాటా మీద పెట్టి చూస్తే బాషా మాటే నిజమవుతుందని అతనికీ తెలుసు.

అంతటి మనిషిని ఒక బట్టలుతికే మిషను పది నెలలపాటు తిప్పలు పెట్టింది. పాపం, అందులో మిషను తప్పేమీ లేదు.

దాన్ని కొనిపించింది బాషా భార్య జైతూన్‌బీ. పరుపులకు గుడ్డ సంచులు కుట్టేది ఆమె, వాటిలో దూది కూరేది అతను. కుట్టుమిషను తిప్పీ తిప్పీ మణికట్లు పట్టేసి, తడిబట్టలు పిండలేని రోజు వచ్చాక ఆమె పట్టుబట్టి తెప్పించుకుంది. ముందువైపు గుండ్రటి అద్దం తలుపు, పైన బొత్తాలు. బాషా దాని జోలికి పోయేవాడు కాడు. విప్పిన లుంగీ బుట్టలో పడేస్తే రెండోరోజుకు మడతపెట్టి బీరువాలో ఉండేది. మధ్యలో ఏం జరుగుతుందో తెలుసుకోవాల్సిన అవసరం అతనికి ఏనాడూ రాలేదు. మగమహారాజు మరి.

పోయిన ఏడు వానల్లో జైతూన్‌బీకి జ్వరం వచ్చింది. ఉన్న చీర విప్పి తలుపు మీద వేసి, ఉతికిన చీర కట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది. నాలుగోనాడు ఆమెను ఇంటికి తెచ్చి, అటునుంచి అటే గోరీల దొడ్డికి తీసుకుపోయారు.

నలభయ్యోనాటి ఫాతెహా అయ్యాక ఆమె బట్టలన్నీ లేనివాళ్లకు పంచాలన్నారు పెద్దవాళ్లు. కూతురు సబీనా పెట్టె తెరిచి ఒక్కొక్కటీ తీసి ఇచ్చింది. అది పద్ధతి, బాషా కాదనలేదు. కాదనకుండానే అంతకుముందురోజు ఒక దొంగతనం చేశాడు. తలుపు మీద ఆమె విడిచిన ఆ వక్కపొడి రంగు వెంకటగిరి చీరను మడిచి, ఒక దిండు గలీబులో కూరి, మూతి దగ్గర నాలుగు పెద్ద కుట్లు వేశాడు. మంచం మీద మూడు దిళ్లున్నాయి, అది నాలుగోది అయింది. పరుపులవాడి ఇంట్లో ఒక దిండు ఎక్కువుంటే లెక్కపెట్టేదెవరు?

ఆ చీరలో కొబ్బరినూనె వాసన ఉంది, కుట్టుమిషన్‌కు వేసే నూనె వాసన ఉంది, ఆ రెండింటి కిందా ఇంకేదో ఉంది. ఆ మూడోదానికి పేరు లేదు. అదే జైతూన్‌బీ. రోజుకు ఒక్కసారి మాత్రం ఆ దిండులో ముఖం పెట్టి పక్కకు పెట్టేసేవాడు. ఎక్కువసార్లు పీలిస్తే అయిపోతుందేమోనని భయం.

సబీనా తన ఇంటికి వెళ్లిపోయాక బట్టలు తనమీద పడ్డాయి. మొదటిసారి ఒక మందపాటి దుప్పటి ఒక్కటే మిషన్‌లో వేసి బొత్తాం నొక్కాడు. నీళ్లు పిండేటప్పుడు మిషను దబదబా బాదుకుంటూ గోడ దగ్గరనుంచి జానెడు ముందుకు నడిచి వచ్చింది. పక్కింటి స్వర్ణ పొయ్యిమీద చేపల కూర వదిలేసి పరుగెత్తుకొచ్చింది. అప్పుడు బాషా మిషన్‌ని ఎగాదిగా చూశాడు. ముఖం మీదే రాసి ఉంది: ఎనిమిది కిలోలు.

అదీ సంగతి, అనుకున్నాడు. అతని వృత్తిలో అంకె అంటే ఆర్డరు. ఎనిమిది కిలోల పరుపు చెయ్యమన్నవాడికి ఏడున్నర కూరితే మోసం. మిషను ఎనిమిది అడుగుతుంటే తాను కిలోన్నర పెట్టాడు, అది తిరగబడింది. ఆకలితో బాదుకుంటోందని అతని లెక్క. తన బుర్రకు తట్టినందుకు సంతోషించాడు కూడా. ఎవరినైనా అడిగుంటే బాగుండేది. అడగడు. బరువు సంగతి ఖాదర్ బాషాకి ఇంకొకరు చెప్పాలా?

అటకమీది కొక్కెం కాటా దించి వసారా దూలానికి కట్టాడు. ఒంటిమనిషి బట్టలు వారానికి ఎన్నవుతాయి? మూడు లుంగీలు, మూడు చొక్కాలు, బనియన్లు, ఒక తువ్వాలు, ముక్కి మూలిగితే రెండు కిలోలు. సముద్రపు గాలికి చెమట బట్టలు నెలపాటు నిలవుండవు, ముక్కిపోతాయి. రెండు వారాలవి కలిపినా నాలుగే. మిగతా నాలుగు కిలోల కోసం బీరువా తెరిచాడు. చుట్టాలొస్తే వెయ్యడానికని జైతూన్‌బీ దాచిన దుప్పట్లున్నాయి. వాటిని తీసి తూకానికి కలిపాడు. అప్పటినుంచి రెండు శుక్రవారాలకొకసారి, ఎవరూ పడుకోని దుప్పట్లు ఉతకడం, ఆరెయ్యడం, మడతపెట్టడం. పది నెలలకు వాటి పూలు వెలిసిపోయాయి.

మిద్దెమీద రెండు తీగలూ నిండుగా ఉండటం చూసి స్వర్ణ ఒకసారి అడిగింది, ఇన్ని దుప్పట్లెవరివి మామా అని. చుట్టాలొచ్చి పోయినారమ్మా, అన్నాడు. ఆ అబద్ధం నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో అతనికే ఆశ్చర్యం వేసింది. ఆ గుమ్మంలో పరాయి చెప్పులు కనబడి నెలలైంది. కానీ ఆ తీగలు చూసినవాళ్లెవరైనా అది నలుగురున్న ఇల్లే అనుకుంటారు. ఆరేసినంతసేపు బాషా కూడా అలాగే అనుకునేవాడు. దుప్పట్లు ఉతకడం మానకపోవడానికి అసలు కారణం అది. తూకం ఒక వంక.

కూరడం మాత్రం పరుపు కూరినట్టే కూరేవాడు. మూలల్లోకి కర్రతో పొడిచి, మోకాలు అడ్డంపెట్టి నొక్కి, చివరి పిడికెడూ నడుమలోకి దిగగొట్టేవాడు. పరుపుకైతే అదే పనితనం, మనిషి నడుము ఆనే చోట పల్లం పడకూడదు. మిషను మూలుగుతూ తిరిగేది. బట్టల మడతల్లో సబ్బుపొడి పొడిపొడిగానే మిగిలేది. పొడి మంచిది కాదని బాషా దుకాణం మార్చాడు.

ఆ శుక్రవారం ఎండ బాగా కాసింది. దిళ్లు మూడూ మిద్దెమీద ఎండకు పెట్టి వచ్చాడు. నాలుగోది మంచం మీదే ఉంచాడు, దానికి ఎండ తగలనివ్వడు. బట్టల మూట కాటాకు తగిలిస్తే ఏడు కిలోల ఆరువందలు చూపించింది. నాలుగువందలు తక్కువ. నమాజుకు వేళవుతోంది. బీరువాలో దుప్పట్లు అయిపోయాయి. గదిలోకి చెయ్యి చాపి మంచం మీదినుంచి గలీబు గుడ్డేదో లాక్కొచ్చి మూటలో పడేశాడు. ముల్లు సరిగ్గా ఎనిమిది దగ్గర ఆగింది. ఆ చెయ్యి ఎన్నడూ పొరబడలేదు, ఆ రోజూ పొరబడలేదు. సరిగ్గా నాలుగువందల గ్రాములున్న వస్తువునే వెతికి తెచ్చింది. బాషా మీసంలో నవ్వుకున్నాడు.

అంతా కూరి, చివరగా ఆ గలీబును నడుమలోకి పిడికిలితో దిగగొట్టి, తలుపు మూసి, బొత్తాం నొక్కి, చేతులు కడుక్కుని గదిలోకి వెళ్లాడు. మంచం బోసిగా ఉంది.

తిరిగి మిషను దగ్గరకు ఎలా వచ్చాడో అతనికి తెలియదు. అద్దం అడుగున నీళ్లు చేరి నురగ కడుతున్నాయి. తీగ పట్టి ప్లగ్గు లాగేశాడు. మిషను ఆగింది గాని తలుపు రాలేదు. లోపల నీళ్లుంటే ఆ తలుపు రాదు. రెండు చేతులా లాగాడు. పరుపులు కుట్టే దబ్బనం తెచ్చి సందులో పెట్టి పెకలించబోయాడు. చప్పుడు విని గోడ అవతలినుంచి స్వర్ణ వచ్చి, చేతిలోంచి దబ్బనం లాక్కుంది. అద్దం పగిలితే చెయ్యి తెగుతుందని కేకలేసింది. అంత కొంపలు మునిగేది ఏముంది అందులో అని అడిగింది.

దిండు, అన్నాడు బాషా.

స్వర్ణకు నవ్వొచ్చింది. అతని ముఖం చూసి ఆపుకుంది.

"దిండు కాదమ్మా," అన్నాడు. "మీ అత్త చీర. ఆసుపత్రికి పోతా విడిచిన చీర. ఇంతవరకు నీళ్లు తగలనీలేదు."

స్వర్ణ దబ్బనం గట్టుమీద పెట్టింది. కావలిలో మిషన్లు బాగుచేసే పెంచలకృష్ణకు ఫోను చేసింది. దారిలోనే ఉన్నాడట, అరగంటలో వస్తానన్నాడు. ఆ అరగంటా బాషా అద్దం ముందు గొంతుక్కూర్చున్నాడు. పైవరస దుప్పటి మీద తడి మరక మెల్లగా పైకి పాకుతోంది. దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఎప్పుడో తుఫానులో తడిసిన దూది బేలు ఒకటి గుర్తొచ్చింది. పైనంతా పిండితే నీళ్లు కారాయి. పాడైపోయిందన్నారు అందరూ. తను మోచేతి దాకా చెయ్యి దూర్చి చూస్తే నడిమి దూది పొడిగా, వెచ్చగా తగిలింది. గట్టిగా బిగించిన దూదిలోకి నీళ్లు త్వరగా దిగవు. ఇది ఎంత గట్టిగా కూరాడు? జీవితంలో మొదటిసారి తన పనితనం మీద అతనికి అనుమానం వచ్చింది. ఇంకాస్త గట్టిగా కూరి ఉండాల్సింది అనుకున్నాడు.

పెంచలకృష్ణ వచ్చి, మిషను అడుగున చిన్న మూత తీసి, పళ్లెం పెట్టి నీళ్లు వదిలాడు. లోపలి తాడేదో లాగితే తలుపు టక్కుమని తెరుచుకుంది. బట్టలు ఒక్కటీ కింద పడలేదు. గోడలా నిలబడి ఉన్నాయి.

"ఏందన్నా ఇది, బట్టలు వేసినావా, పరుపు కుట్టినావా?" అన్నాడు.

బాషా అతన్ని పక్కకు జరిపి రెండు చేతులూ లోపల పెట్టాడు. పైవి తడి. లాగి పారేశాడు. వాటి వెనకవి చెమ్మ. ఆ వెనక చొక్కా పొడిగా వచ్చింది. నడుమలో గలీబు దొరికింది. ఒక మూల అరచెయ్యంత మేర తడిసింది. మిగతాదంతా పొడి.

అక్కడే, ఇద్దరి ఎదుటా, సిగ్గు లేకుండా దాంట్లో ముఖం పెట్టాడు. సబ్బుపొడి ఘాటు ముందు తగిలింది. ఆగాడు. మళ్లీ పీల్చాడు. కొబ్బరినూనె వచ్చింది. దాని కింద, దూరంగా, ఉంది. ఇంకా ఉంది.

పెంచలకృష్ణ తల తిప్పుకుని కాసేపు పళ్లెం తుడిచాడు. తర్వాత, మిషన్‌కి జబ్బేమీ లేదన్నాడు. జబ్బు వేసే తీరులో ఉందన్నాడు.

"ఎనిమిదంటే ఎనిమిది వెయ్యమని కాదన్నా. ఎనిమిది దాటొద్దని."

వివరంగానే చెప్పాడు. ఆ బరువు పొడిబట్టల లెక్క. నొక్కి కూరకూడదు, వదులుగా పడెయ్యాలి. అరచెయ్యి నిలువుగా పెడితే బట్టలకీ పైకప్పుకీ మధ్య పట్టాలి. బట్టలు కిందామీదా పడి దొర్లితేనే మురికి వదిలేది. సగం వేసినా, పావు వంతు వేసినా మిషన్‌కి నష్టమేం లేదు. మందపాటి దుప్పటి ఒక్కటే వేస్తే నీళ్లు తాగి ఒక పక్కకు చేరి ఎగురుతుంది గాని, దానితోపాటు నాలుగు చిన్నవి వేస్తే సర్దుకుంటుంది. తక్కువ బట్టలకు తక్కువ నీళ్ల బొత్తాం వేరే ఉంది. ఏది నొక్కాలో చూపించబోతూ అడిగాడు.

"ఇంట్లో ఎంతమంది ఉండారన్నా?"

స్వర్ణ గుమ్మంలో నిలబడి ఉంది. నేలమీద తొమ్మిది దుప్పట్లు పరుచుకుని ఉన్నాయి. బాషా వాటివైపు చూశాడు, గలీబువైపు చూశాడు.

"ఒక్కడినే అబ్బయ్యా," అన్నాడు.

పెంచలకృష్ణకు అది మామూలు జవాబు. సరేనని చిన్న బొత్తాం చూపించి, సంచి సర్దుకుని వెళ్లిపోయాడు. స్వర్ణ దుప్పట్లు ఒక్కొక్కటీ ఏరి, పిండి, తన ఇంటి తీగమీద ఆరెయ్యడానికి తీసుకుపోయింది. చుట్టాల సంగతి ఎత్తలేదు.

బాషా తన బట్టలు మాత్రం ఏరి మిషన్‌లో వేశాడు. కాటా ముట్టుకోలేదు. రెండు వారాలవీ కలిపి నాలుగు కిలోలని చెయ్యే చెప్పింది. అరచెయ్యి నిలువుగా పట్టాలన్నాడు కదా అని లోపలికి చెయ్యి పెట్టాడు. పైన మోచేతి దాకా ఖాళీయే. అంత ఖాళీ పెట్టుకుని బొత్తాం నొక్కడానికి చెయ్యి ఆడలేదు. చివరికి నొక్కాడు. మిషను గొణగలేదు, ఎగరలేదు. మెత్తగా తిరిగింది. దానికి ఏనాడూ ఏదీ తక్కువ కాలేదు.

ఉతికినవి మిద్దెమీద ఆరేశాడు. రెండు తీగలూ చాలని చోట ఆ రోజు ఒకటే తీగ, అదీ సగం దాకా. మిగతా తీగంతా గాలికి ఊగుతూ కనబడింది. ఆ తీగలు చూసినవాళ్లెవరైనా చెప్పేస్తారు, ఇది ఒంటిమనిషి ఇల్లని.

పిట్టగోడ నీడలో కూర్చుని గలీబు తడిసిన మూలను ఎండకు పెట్టకుండా, రెండు అరచేతుల మధ్య పట్టుకుని ఆరబెట్టుకున్నాడు. ఆసుపత్రి దగ్గర ఏడవలేదు, గోరీ దగ్గర ఏడవలేదు, నలభయ్యోనాడూ ఏడవలేదు. ఇప్పుడు ఏడ్చాడు. బట్టలు ఆరేదాకా ఏడ్చాడు.