గుణిస్తే తగ్గే ఉప్పు

షామీర్‌పేట చెరువులో చేప ఒకటి బస్సెక్కి మేడ్చల్ డిపోలో దిగిందని నేను చెబితే మా కాలనీ అంతా చెవులు రిక్కించి వింది. ఆవకాయలో ఉప్పెంత వెయ్యాలో చెబితే మాత్రం ఒక్కరూ నమ్మలేదు. ఆ మంట నాకింకా ఆరలేదు.

ఏటా పక్కింటి వదినా నేనూ కలిసి ఏడాదికి సరిపడా ఆవకాయ పెడతాం. ఆమెది నరసాపురం వైపు, కొలతలు వాళ్ళమ్మవి. మా కాయలకు ఐదు గిన్నెల రాళ్ళుప్పు. ఈసారి దుకాణంలో పొడి ఉప్పే దొరికింది. వదిన ఫోన్‌లో వెతికి చదివింది: "రాళ్ళుప్పు కొలతను సున్నా పాయింట్ ఎనిమిదితో గుణించాలటండీ."

మా ఆయన ఫోన్‌లో లెక్క నొక్కాడు. నాలుగొచ్చింది.

"ఐదును గుణిస్తే నాలుగెట్లయితది? గుణిస్తే పెరగాలె. ఏడనో తప్పు నొక్కిన."

"తప్పేం లేదయ్యా. గది ఒకటికి తక్కువ గదా! పదిని సున్నా పాయింట్ ఐదుతోని గుణిస్తే ఐదే వస్తది, అంటే సగం. తగ్గలేదా? పొడి ఉప్పు గిన్నెల సందు లేకుంట కూసుంటది. నాలుగే సాలు."

"గిది గూడ నీ చేప కథనేనా? ఐదు మీద గా సున్నా పాయింట్ ఎనిమిది కలుపుర్రి, అయిపాయె."

"అన్నయ్యగారికి లెక్కలు తెలుసు కదా వదినా," అంటూ ఆమె ఐదు గిన్నెలు పోసి, ఆరోది కాస్త వెలితిగా పోసేసింది. ఆపబోతే నా చెయ్యి పట్టుకుని పక్కకు కూడా జరిపింది!

మూడో రోజు తిరగ కలిపి నాలుక మీద పెట్టుకున్నాం. వాళ్ళ ఊరి సముద్రం కూడా ఇంత ఉప్పుండదని వదినే ఒప్పుకుంది. ఇంకొన్ని కాయలు కలిపి సరిచేద్దామంటే, మార్కెట్‌లో అన్నీ పండుబారినవే. ఏడాది పచ్చడి పోయింది. మా ఆయన ఏమన్నాడో తెలుసా?

"ఈసారి కాయలే మంచియి గావు."

కడుపు మండి, వీధంతా తిరిగి జరిగింది జరిగినట్టు చెప్పాను. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

"గుణిస్తే తగ్గుతదా! చేప కన్నా గిదే మస్తుగున్నది అక్కా!"

ఇక ఎవరికీ చెప్పను. రోజూ ఆయన కంచంలో ఆ ఆవకాయే వేస్తున్నాను. మొన్న సగం ముక్క కొరికి పక్కన పెట్టాడు.

"ఏందయ్యా, ముక్క సగానికి తగ్గిందా?" అన్నాను. "గది గుణకారమే. మిగిలింది గూడ తిను."